నల్లమలలో అడవి రకం ఎలా తేల్చాలి? టేకు, చిరుమాను, నారేపి – వీటిలో ప్రధాన జాతి ఏదని రాయాలి?

గుండ్లకమ్మ_బోటనీ అడిగారు:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బోటనీ ప్రాజెక్టు కోసం నంద్యాల–గిద్దలూరు ఘాటుకు రెండు వైపులా చెట్ల సర్వే చేయాలి. భారత అడవులను రకాలుగా విడదీసే ఛాంపియన్–సేఠ్ వర్గీకరణ ప్రకారం అడవి రకం రాసి, అందులో ఏ జాతిది పైచేయో అంకెలతో చూపించాలి. చెట్లు లెక్కపెట్టడానికి హద్దు గీసుకునే ప్లాట్లు వేయడం ఇంకా మొదలుపెట్టలేదు. ముందుగా ఒక చుట్టు చూసి వచ్చాక నాలుగు సందేహాలు మిగిలాయి.

ఒకటి: లోయలో టేకు బాగా కనిపించింది. వాలులో అన్నీ కలిసి ఉన్నాయి. పైన రాతి గట్టు మీద దాదాపు నారేపి ఒక్కటే. వాగు పక్కన మళ్లీ వేరే చెట్లు. వీటన్నిటినీ కలిపి ‘దక్షిణ భారత పొడి మిశ్రమ ఆకురాల్చే అడవి’ అని ఒకే పేరు పెట్టొచ్చా?

రెండు: చెట్ల సంఖ్య చూస్తే ఎక్కడికి వెళ్లినా తునికే (బీడీ ఆకు చెట్టు) ఎక్కువ. అప్పుడు ఇది తునికి అడవి అవుతుందా?

మూడు: స్థానికులు చెప్పే పేర్లూ పుస్తకాల్లో పేర్లూ కలవడం లేదు. మద్ది అంటే ఒక్కొక్కరు ఒక్కో చెట్టు చూపిస్తున్నారు.

నాలుగు: ప్లాటు ఎంత ఉండాలి, ఎన్ని వేయాలి, చుట్టుకొలత ఎక్కడ తీయాలి? అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరు.

కొండవాగు:

మీ మొదటి ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. లోయ, వాలు, గట్టు, వాగు అని మీరే నాలుగుగా విడదీశారు. ప్లాట్లు కూడా అలాగే విడదీసి వేయండి. అన్నీ కలిపి సగటు తీస్తే వచ్చే అడవి నేల మీద ఎక్కడా ఉండదు.

ముందు మ్యాపు పని. ఉపగ్రహ చిత్రాలు రెండు కాలాలవి పెట్టుకోండి: అక్టోబరు–నవంబరు ఒకటి, మార్చి ఒకటి. మార్చిలో కొండంతా బూడిద రంగుకు తిరిగినా వాగుల వెంట పచ్చటి గీతలు మిగులుతాయి. అదే వాగు ఒడ్డు అడవి. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2011లో ఛాంపియన్–సేఠ్ రకాల ప్రకారమే దేశమంతటికీ అట్లాసు వేసింది, దాన్నీ చూడండి. అయితే ఆ మ్యాపు 1:50,000 స్కేలుది. మీ గట్టు మీది నారేపి మడి అంత చిన్నది అందులో కలిసిపోయి ఉండొచ్చు. అటవీ డివిజన్ ఆఫీసులో వర్కింగ్ ప్లాన్ (అడవి నిర్వహణ ప్రణాళిక), స్టాక్ మ్యాపు (ఎక్కడ ఏ చెట్లున్నాయో చూపేది) ఉంటాయి. కంపార్ట్‌మెంటు (అటవీ శాఖ గీసుకున్న ఒక్కో అడవి ముక్క) వారీ చరిత్ర అందులోనే దొరుకుతుంది.

ఆ నాలుగింటికీ ఛాంపియన్–సేఠ్ వర్గీకరణలో సాధారణంగా సరిపోయే కోడ్‌లు ఇవి. లోయలో టేకు సహజంగా ఉంటే 5ఎ/సి1బి, అంటే పొడి టేకు అడవి. వాలులో చిరుమాను, నల్లమద్ది, బిల్లుడు, చెన్నంగి, యేగిస కలిసి ఉన్నది 5ఎ/సి3, పొడి మిశ్రమ అడవి. గట్టు మీద నారేపి 5/ఇ4. ఈ ‘ఇ’ అక్షరం నేల స్వభావం వల్ల ఏర్పడే రకాలకు పెట్టింది. అక్కడ వాన తగ్గలేదు, మట్టి తగ్గింది. క్వార్ట్‌జైట్ రాయి మీద పలచటి గరుకు మట్టిలో మిగతావి నిలదొక్కుకోలేవు. నారేపి మొలక కాండం కన్నా ముందు తల్లివేరును లోతుకు దింపుకుంటుంది. అందుకే అక్కడ దానికి పోటీ లేదు. వాగు వెంట తెల్లమద్ది, నేరేడు, గానుగ ఉంటే 4ఇ/ఆర్ఎస్1, వాగు ఒడ్డు అడవి. అది సన్నగా సాగే పట్టీ మాత్రమే కాబట్టి అక్కడ చదరపు ప్లాటు పెడితే కొంత భాగం వాలు అడవిలోకి పోతుంది. వాగు పొడవునా 10 × 100 మీటర్ల పట్టీ వేయండి, విస్తీర్ణం అంతే వస్తుంది.

మిగతా చోట్ల 0.1 హెక్టారు ప్లాటు చాలు. భుజం 31.6 మీటర్లు. ఒక్కో విభాగానికి కనీసం పది. పది వేశాక కొత్త ప్లాటులో కొత్త జాతులు ఇంకా వస్తూనే ఉంటే ఆపకండి. వరసగా రెండు మూడు ప్లాట్లలో ఒకటి అరా తప్ప కొత్తవి రాకపోతే సరిపోయినట్టు. ప్లాట్ల చోటు గదిలో ఉండగానే మ్యాపు మీద యాదృచ్ఛికంగా ఎంచుకోండి. అడవిలోకి వెళ్లాక ‘ఇక్కడ బాగుంది’ అని ఎంచుకుంటే పెద్ద చెట్లున్న చోటికే కాళ్లు పోతాయి, మొత్తం లెక్క పైకి జరుగుతుంది.

వాలు మీద చాలామంది పోగొట్టేది ఇక్కడే: ప్లాటు విస్తీర్ణం సమతలంగా కొలవాలి, నేల వెంట కాదు. 10 డిగ్రీల లోపు వాలైతే వదిలేయొచ్చు. 20 డిగ్రీల వాలులో ఎగువ–దిగువ భుజం నేల మీద 33.6 మీటర్లు పరచాలి, 30 డిగ్రీలైతే 36.5. అది సరిచేయకపోతే వాలు ప్లాట్లన్నీ నిజానికి చిన్నవై, వాలు అడవి పలచనైనట్టు తప్పుగా తేలుతుంది.

చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, బెరడుతో కలిపి. వాలులో చెట్టుకు ఎగువ వైపు నిలబడి ఆ ఎత్తు కొలవాలి. వంగిన చెట్టుకు వంపు వెంట కొలిచి, కాండానికి అడ్డంగా టేపు చుట్టాలి. తీగలుంటే టేపును వాటి కిందనుంచి దూర్చండి, తీగల మీద చుట్టకండి. 1.37 మీటర్ల కంటే కిందే చీలితే రెండు కాండాలుగా రాయాలి, కానీ చెట్టు మాత్రం ఒకటే. చుట్టుకొలత 30 సెం.మీ. దాటినవి చెట్లు. 10 నుంచి 30 మధ్యవి పిల్ల చెట్లు, వాటికి ప్లాటు రెండు మూలల్లో 5 × 5 మీటర్ల గడులు. మొలకలకు 1 × 1. ప్లాటు గీత మీద పడ్డ చెట్లకు ఒకే నియమం పెట్టుకోండి: ఉత్తరం, తూర్పు గీతల మీదివి లోపల, మిగతా రెండు గీతల మీదివి బయట.

ఎండి నిలబడ్డ చెట్లను వేరే వరసలో రాయండి. ఆధిపత్యం లెక్కలో కలపకండి.

వేగిస:

పేర్ల సంగతి నేను చెబుతాను. ఇందులో పొరపాటు పడితే పైన చెప్పిన కొలతలన్నీ ఎంత జాగ్రత్తగా తీసినా వృథా.

మద్ది అని మూడు చెట్లను పిలుస్తారు. నల్లమద్ది బెరడు నల్లగా, నిలువునా అడ్డంగా లోతుగా పగిలి, మొసలి వీపులా ఉంటుంది. ఆకు అడుగున, తొడిమ దగ్గర, నడిమి ఈనెకు ఆనుకుని చిన్న గ్రంథులుంటాయి. కాయకు ఐదు రెక్కలు. తెల్లమద్ది, ఏరుమద్ది అన్నా అదే, బెరడు నునుపుగా, పాలిపోయినట్టుగా, పెద్ద రేకులుగా ఊడుతుంది. వాగులు దాటి దూరంగా పోదు. దీని కాయకూ ఐదు రెక్కలే కాబట్టి కాయను మాత్రం చూసి నిర్ణయించవద్దు. మూడోది చిరుమాను. కొన్ని చోట్ల దీన్నే ఎల్లమద్ది అంటారు. బూడిద తెలుపు బెరడు, పలచటి పొలుసులు రాలిన చోట లోతు లేని గుంటలు, గుండుసూది తలల్లా గుండ్రటి చిన్న కాయ గుత్తులు. ఎండాకాలం ముందు ఆకు ఎర్రబారుతుంది.

ఇంకో చిక్కు ఉంది. చిరుమానును పాత పుస్తకాలు అనోగైసస్ లాటిఫోలియా అంటాయి. 2017లో ఆ ప్రజాతి మొత్తాన్ని టెర్మినేలియాలో కలిపేశారు. ఇప్పుడది టెర్మినేలియా అనోగైసియానా. నల్లమద్దికి టొమెంటోసా, అలాటా, ఎలిప్టికా అని మూడు పేర్లు తిరుగుతున్నాయి. మీ జట్టులో ఇద్దరు రెండు పుస్తకాలు పట్టుకుని రాస్తే ఒకే చెట్టు రెండు వరసల్లో పడి, దాని వాటా సగానికి సగం అవుతుంది. షీటులో ఎక్కించే ముందే పేర్ల పట్టిక ఒకటి ఖరారు చేసుకోండి.

పాలకొడిశ, కొడిశపాల కూడా అంతే. రెండూ పాలు కారే చిన్న చెట్లే. పాలకొడిశ జంట కాయలు లేతగా ఉన్నప్పుడు కొసల దగ్గర అతుక్కుని ఉంటాయి. కొడిశపాల కాయలు మొదటినుంచీ విడివిడిగా వేలాడతాయి, ఆకూ పెద్దది. వీటితో సంబంధం లేని కడిశ ఇంకొకటి ఉంది, క్లీస్టాంథస్ కొల్లినస్. ఆకు విషం. పశువులు ముట్టవు. దాన్ని సరిగ్గా గుర్తించడం మీకు చాలా ముఖ్యం. ఎందుకంటే మేత ఒత్తిడి ఉన్న అడవిలో మిగతా మొలకలన్నీ నోటికి పోయి ఇదొక్కటే మిగులుతుంది. ఊళ్ల దగ్గరి ప్లాట్లలో కడిశ వాటా పెరిగితే అది మట్టి గుణం కాదు, మేత గుణం.

నారేపికి ఆకు చూస్తే చాలు. మూత్రపిండం ఆకారంలో రెండే రెండు చిట్టి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. దూరం నుంచి ఆరె ఆకు అనిపిస్తుంది, కానీ ఆరెకు ఒకటే ఆకు, కొస దగ్గర చీలి ఉంటుంది. నారేపి కొమ్మల చివర్లు కిందికి వేలాడతాయి.

యేగిసకూ ఎర్రచందనానికీ తేడా: యేగిసకు ఐదు నుంచి ఏడు చిట్టి ఆకులు, ఎర్రచందనానికి సాధారణంగా మూడే. రెండిటికీ గుండ్రటి రెక్క కాయలే. రుద్రవరం దాటి దక్షిణంగా కడప వైపు పోయేకొద్దీ ఎర్రచందనం కలుస్తుంది. దాని వాటా గట్టిగా కనిపిస్తే కోడ్ 5ఎ/సి2కి మారుతుంది, ఎర్రచందనం ఉన్న పొడి అడవి. ఈ రకం తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితం, కాబట్టి మీ ప్లాట్లలో ఒక్క చెట్టు తగిలినా విడిగా రాసుకోండి. దాని జీపీఎస్ బిందువును మాత్రం నివేదికలో అచ్చు వేయకండి. అటవీ శాఖకు ఇచ్చే ప్రతిలో ఉంటే చాలు.

ఆకు లేనప్పుడు గుర్తుపట్టడానికి బెరడు మీద కత్తి పెట్టే అలవాటు మానుకోవాలి. 2024లో పాపికొండల్లో అటవీ సిబ్బంది నల్లమద్ది బెరడు కోస్తే నీళ్లు చిమ్మిన వీడియో వచ్చాక చాలామంది ప్రతి మద్దినీ గీకి చూస్తున్నారు. గాయం తగిలిన చోట పురుగు, బూజు చేరతాయి. గుర్తుపట్టలేని చెట్టుకు నంబరు వేసి ఫోటోలు తీయండి: మొత్తం చెట్టు, బెరడు దగ్గరగా, రాలిన ఆకు రెండు వైపులా, కింద పడ్డ కాయ. చెంచు గూడేల పెద్దలు బెరడు చూసే పేరు చెప్పేస్తారు. వాళ్లు చెప్పిన పేరును ఉన్నదున్నట్టు, గూడెం పేరుతో సహా రాసుకుని, శాస్త్రీయ నామం విడిగా నిర్ధారించండి. వాళ్ల పేరును పుస్తకం పేరుకు సరిపోయేలా దిద్దవద్దు.

గుండ్లకమ్మ_బోటనీ:

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ కృతజ్ఞతలు. తునికి సంగతి ఇంకా తేలలేదు. అలాగే లోయలో టేకు సహజమా, నాటిందా అన్నది ఎలా తెలుస్తుంది? అక్కడ చాలా చెట్లు ఒకే లావున్నాయి.

కొండవాగు:

తునికికి లెక్క వేసి చూపిస్తాను. ఇవి పద్ధతి అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు, ఏ అడవివీ కావు.

పది ప్లాట్లు, మొత్తం ఒక హెక్టారు. అన్ని జాతులూ కలిపి 400 చెట్లు. కాండాల అడ్డుకోత విస్తీర్ణం మొత్తం 12 చదరపు మీటర్లు. ఒక్కో జాతి ఎన్ని ప్లాట్లలో ఉందో రాసి అన్నీ కూడితే 100.

తునికి 100 చెట్లు, పది ప్లాట్లలోనూ ఉంది, అడ్డుకోత 1.0 చ.మీ. చిరుమాను 90 చెట్లు, తొమ్మిది ప్లాట్లు, 2.4 చ.మీ. నారేపి 40 చెట్లు, నాలుగు ప్లాట్లు, 3.0 చ.మీ.

సంఖ్యలో వాటా, ప్లాట్లలో వాటా, అడ్డుకోతలో వాటా – మూడూ శాతాలుగా తీసి కూడితే ప్రాముఖ్య విలువ వస్తుంది, అందరూ ఐవీఐ అనేది అదే. అన్ని జాతులదీ కలిపితే 300. చిరుమానుకు 22.5 + 9 + 20 = 51.5. తునికికి 25 + 10 + 8.3 = 43.3. నారేపికి 10 + 4 + 25 = 39.

సంఖ్యలో ముందున్న తునికి రెండోదైంది. కాబట్టి ‘తునికి అడవి’ కాదు. దాని సంఖ్య ఎందుకు పెరుగుతుందంటే, అది వేరు పిలకలు వేస్తుంది. పైగా బీడీ ఆకు కోసం ఫిబ్రవరి–మార్చిలో కొమ్మలు కొట్టిన చోట మొదలు నుంచి గుబురుగా చిగురిస్తుంది. నేల కింద ఒకే వేరుకు చెందిన కాండాలను విడి చెట్లుగా లెక్కపెట్టామంటే అంకె ఉబ్బిపోతుంది.

నారేపిని గమనించండి. అడ్డుకోతలో అందరికన్నా పెద్దది, అయినా మూడో స్థానం. నాలుగు ప్లాట్లలోనే ఉంది కాబట్టి. ఆ నాలుగూ గట్టు మీద ప్లాట్లైతే, అక్కడి మొత్తం అడ్డుకోత 5 చ.మీ. అనుకుంటే, నారేపిదే 60 శాతం. అక్కడ అది తిరుగులేని ప్రధాన జాతి. సగటులో దాన్ని మనమే మూడోదాన్ని చేశాం. ముందు విభాగాలుగా విడదీయమన్నది ఇందుకే. ఐవీఐ ఒక్కో విభాగానికి విడిగా తీయండి. మూడు వాటాలనూ పట్టికలో పక్కపక్కనే చూపండి. మొత్తం అంకె ఒక్కటే ఇస్తే చదివేవారికి ఏ గుణం వల్ల పైకొచ్చిందో తెలియదు.

అడ్డుకోత తీయడానికి చుట్టుకొలతను వర్గం చేసి 12.57తో భాగించాలి. 60 సెం.మీ. చెట్టుకు 3600 ÷ 12.57 = 286 చ.సెం.మీ. బహు కాండాల చెట్టులో ఒక్కో కాండానికి విడిగా తీసి కూడాలి. 40, 30 ఉన్న రెండు కాండాలకు 127 + 72 = 199. చుట్టుకొలతలు ముందే కూడి 70 చేసి వర్గం చేస్తే 390 వస్తుంది, దాదాపు రెట్టింపు. నరికాక చిగురించిన టేకు ఉన్న లోయలో ఈ తప్పు చేస్తే టేకు ఎక్కడికో వెళ్లిపోతుంది.

బొజ్జమాను:

టేకు గురించి. మీరున్న చోట టేకు సహజంగానూ ఉంది, నాటినదీ ఉంది. తేల్చకుండా 5ఎ/సి1బి అని రాయకూడదు.

మొదటి ఆధారం కాగితం. రేంజ్ ఆఫీసులో ప్లాంటేషన్ జర్నల్ అడగండి. ఏ కంపార్ట్‌మెంటులో ఏ సంవత్సరం ఎన్ని హెక్టార్లు నాటారో అందులో ఉంటుంది.

రెండోది నేల మీద గీతలు. టేకును స్టంపులుగా (కాండం కత్తిరించిన వేరు మొక్కలుగా) తరచూ 2 × 2 మీటర్ల దూరంలో నాటతారు, అంటే హెక్టారుకు 2,500. తర్వాత పలచబరిచినా, నరికినా, మొదళ్ల వరస మిగులుతుంది. ప్లాటులో ప్రతి టేకు మొదలు చోటును గళ్ల కాగితం మీద గుర్తించండి. దూరాలు 2, 4, 6 మీటర్లుగా పడుతూ ఒకే దిశలో వరసలు కనిపిస్తే అది నాటినదే. చుట్టుకొలతల పంపిణీ కూడా చూడండి. సహజ అడవిలో సన్నవి ఎక్కువ, లావువి తక్కువ, మధ్యలో అన్నీ ఉంటాయి. నాటిన తోటలో ఒకే తరగతిలో గుట్టగా పడతాయి. మీరు ‘ఒకే లావు’ అన్నది నాకు తోట వైపే మొగ్గు చూపుతోంది, కానీ ఒకసారే నరికివేతకు గురై ఒకేసారి చిగురించిన సహజ టేకు కూడా అలాగే ఉంటుంది. అందుకే వరసలు చూడకుండా లావును మాత్రమే నమ్మవద్దు. చిగురు చెట్టయితే మొదట్లో పాత మోడు గుర్తు, వంపు తిరిగిన అడుగు కనిపిస్తాయి.

మూడోది తోడు జాతులు. సహజ టేకు అడవిలో నల్లమద్ది, చిరుమాను, చెన్నంగి, యేగిస, కింద సాధనపు వెదురు ఉంటాయి. తోటలో టేకు, దాని కింద లాంటానా కలుపు పొద, అంతకు మించి పెద్దగా ఉండదు.

ఒక జాతి పైచేయి కావడానికి నిప్పు మరో కారణం. ఫిబ్రవరి నుంచి మే దాకా కాలిన చోట్ల మొలకలు పైకి మాడిపోతాయి. టేకు మొలక వేరు నుంచి మళ్లీ లేస్తుంది. అలా ఏటా కాలుతూ పోతే ఓర్చుకునే జాతులే మిగిలి, చూడ్డానికి ఆ నేల వాటిదే అనిపిస్తుంది. బెరడు మీద మసి ఎంత ఎత్తు వరకు ఉందో ప్రతి ప్లాటులో రాయండి. మోళ్లు లెక్కపెట్టండి. ఊరికి, రోడ్డుకు దూరం రాయండి. చెట్లు కురచై, కొమ్మల పైకప్పు విడిపోయి, ముళ్ల పొదలు చేరిన ప్లాట్లను 5/డిఎస్1గా, అంటే క్షీణించిన పొడి పొద అడవిగా వేరు చేయండి. దాన్ని 6ఎ ముళ్ల అడవి అనేస్తుంటారు, అది తప్పు. ముళ్ల అడవి తక్కువ వాన వల్ల వచ్చేది, రాయలసీమ పడమటి వైపు దొరుకుతుంది. మీ దగ్గర వాన సరిపోతుంది, నరుకుడూ మేతా నిప్పూ కలిసి దాన్ని పొద చేశాయి. అక్కడ మోదుగు, చిరుమాను మోళ్ల చిగుళ్లు కనిపిస్తే ఒకప్పుడు అది ఏ అడవో అవే చెబుతాయి.

పైకప్పులో ఉన్నవీ కింద మొలకల్లో ఉన్నవీ పక్కపక్కన పెట్టి చూడటం మరవకండి. గట్టు మీద నారేపి పెద్దవి నిండుగా ఉండి 1 × 1 గడుల్లో ఒక్క మొలకా లేకపోతే ఆందోళన పడాల్సిందే. కానీ ఒక్క ఏడాది చూసి తీర్పు ఇవ్వకండి. నారేపి ప్రతి ఏడూ బాగా కాయదు, కొన్నేళ్లకోసారి విరగకాస్తుంది.

కాలం: ప్లాట్లు సెప్టెంబరు–డిసెంబరు మధ్య వేస్తే ఆకూ కాయా రెండూ దొరుకుతాయి. ఫిబ్రవరి–మార్చిలో ఒకసారి వెళ్తే మోదుగు, బూరుగ, ఆకు లేకుండా పసుపు పూలతో నిలబడే కొండగోగు దూరం నుంచే లెక్కకు అందుతాయి. ఘాటుకు చుట్టుపక్కల చాలా భాగం అభయారణ్యం, పులుల అభయారణ్యం పరిధిలోది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 28 కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి అనుమతి లేకుండా టేపు బయటికి తీయవద్దు. నమూనాలు సేకరిస్తామని దరఖాస్తులో విడిగా రాయాలి, లోపలికి వెళ్లే అనుమతిలోనే అదీ ఉందనుకోకండి. బీట్ సిబ్బంది లేకుండా లోపలికి పోవద్దు.

తిల్లమడ:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కోరంగి మడ అడవిలో ఇదే పద్ధతి వాడొచ్చా? అక్కడ మా జట్టు పని మొదలుపెట్టబోతోంది.

వేగిస:

లెక్క అదే, కొలత మారుతుంది. 30 సెం.మీ. కట్టుబాటు పెడితే అక్కడ చెట్లు చాలావరకు లెక్కలోకే రావు. 10 సెం.మీ. నుంచి తీసుకోండి. ప్లాటు 10 × 10 మీటర్లు చాలు. వాటిని చెదురుగా వేయకండి. కాలువ అంచు నుంచి లోపలికి లంబంగా గీత గీసి, దాని వెంట వరసగా వేయండి. ఎందుకంటే మడలో జాతులు అలల అందుబాటును బట్టి పట్టీలుగా అమరుతాయి. నీటి అంచున, కొత్తగా పడ్డ ఒండ్రు మీద కళింకి, లోపలికి మడ చెట్టు, ఎత్తు నేల మీద తిల్ల. ఆ గీత వెంట కాకుండా కాలువ వెంబడే ప్లాట్లు వేస్తే ఒకే పట్టీ పదిసార్లు కొలిచినట్టవుతుంది.

ఉప్పుపొన్న, కాకిపొన్నలకు 1.37 మీటర్ల ఎత్తులో కాండం ఉండకపోవచ్చు, ఊడవేర్లే ఉంటాయి. అన్నిటికన్నా పైనున్న ఊడవేరు కాండాన్ని కలిసే చోటు నుంచి 30 సెం.మీ. పైన కొలవండి. నల్లమడ, తెల్లమడ రెండూ అవిసెన్నియా ప్రజాతివే అయినా రెండు జాతులు, ‘మడ’ అని ఒక్క మాటతో రాస్తే రెండూ కలిసిపోతాయి. గుగ్గిలం అనే పేరు దగ్గర ఇంకా జాగ్రత్త: కోరంగిలో అది ఏజిసెరాస్ కార్నిక్యులేటం అనే మడ జాతి చిన్న చెట్టు. ఉత్తరాంధ్ర కొండల్లో అదే పేరుతో పిలిచేది షోరియా రోబస్టా, అంటే సాలవృక్షం.

తిల్ల పాలు కంట్లో పడితే తీవ్రంగా మండి చూపు దెబ్బతింటుంది. కొమ్మ విరచవద్దు, కళ్లద్దాలు పెట్టుకోండి, శుభ్రమైన నీళ్ల సీసా దగ్గర ఉంచుకోండి. పోటు–పాటు పట్టిక చూసి, పాటు మొదలైన గంటలో దిగి, నీరు తిరిగేలోపు పడవ దగ్గరికి చేరేలా రోజుకు ఒక గీతే పెట్టుకోండి.